లేజర్ అయ్యాక చీకట్లో చూపు ఆనడం లేదు, నీలం నలుపులా ఉంది. ఇందులో ఏది మామూలు, ఏది కాదు?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. నాన్నగారికి 57 ఏళ్ళు, షుగరు 16 ఏళ్ళుగా ఉంది. రెండు కళ్ళలోనూ రెటినోపతీ (షుగరు వల్ల రెటీనా పాడవడం) ప్రొలిఫరేటివ్ దశకు, అంటే కొత్త రక్తనాళాలు మొలిచే దశకు, వచ్చిందని పీఆర్‌పీ లేజర్ (రెటీనా అంచుల్ని చుక్కలు చుక్కలుగా కాల్చడం) మొదలుపెట్టారు. కుడి కంటికి మూడు విడతలూ పూర్తయి ఏడు వారాలైంది. మొత్తం 1,840 స్పాట్లు అని కార్డు మీద రాశారు. ఎడమ కంటికి రెండు విడతలయ్యాయి, మూడోది బాకీ. లేజర్‌కు ముందు అద్దాలతో కుడి 6/9, ఎడమ 6/12. మొన్న చూసినప్పుడు రెండూ 6/12.

చార్టు ప్రకారం తగ్గింది ఒక్క వరుసే. ఇంట్లో మాత్రం తేడా చాలా ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే గుమ్మం ముందు మెట్టు ఆనడం లేదు. ఎండలోంచి లోపలికి వస్తే రెండు మూడు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడాల్సిందే. ఎదురు బండి లైటు పడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయంటారు. నేవీ బ్లూ ప్యాంటుకూ నల్ల ప్యాంటుకూ తేడా తెలియడం లేదు. పేపరు చదవడానికి పాత అద్దాలు చాలడం లేదు. కుడి కంటి ముందు నల్ల దారప్పోగు లాంటిది ఒకటి ఈదుతూ ఉంటుంది, అది లేజర్‌కు ముందు నుంచీ ఉంది.

"ఉన్న చూపు కూడా కాల్చేశారు, ఇంక మూడోసారికి రాను" అని కూర్చున్నారు. ఇందులో తిరిగొచ్చేది ఎంత, రానిది ఎంత? ఎడమ కన్ను అంతటితో ఆపేస్తే ఏమవుతుంది? ఇంట్లో ఏం మార్చాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

లేజర్‌గది:

ముందు ఎడమ కంటి సంగతి, అన్నిటికన్నా తొందర అదే. సగంలో ఆపకండి. రెటీనా అంచుల్లో రక్తం అందని భాగాలు వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంటాయి. దానివల్లే పలచటి గోడల కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే కంటి లోపలి జెల్లీలోకి, అంటే విట్రియస్‌లోకి, రక్తం కారుతుంది. చిట్లకపోయినా కొన్నాళ్ళకు మచ్చకట్టి రెటీనాను లాగి ఊడదీస్తాయి. లేజర్ ఆ నాళాలను నేరుగా కాల్చదు. ఆక్సిజన్ ఎక్కువ తినే అంచు భాగాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చి, వీఈజీఎఫ్ పుట్టే చోటునే తగ్గిస్తుంది. కాల్చాల్సినంత కాల్చకపోతే అది పుడుతూనే ఉంటుంది, నాళాలు మళ్ళీ మొలుస్తాయి. 1970లలో అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీలో, ఈ లేజర్ వల్ల చూపు తీవ్రంగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. యాభై ఏళ్ళయినా ఈ వైద్యం నిలబడి ఉందంటే కారణం అదే.

మీ నాన్నగారి బాధ అబద్ధం కాదు. కాల్చిన అంచు భాగంలో ఎక్కువగా ఉండేవి రాడ్ కణాలు. చీకట్లో చూపు, పక్క చూపు వాటివే. అక్షరాల చార్టు చదివేది నడిమధ్య ఉండే మాక్యులా. అందుకే చార్టులో ఒక్క వరుస పోయినా మెట్టు దగ్గర అంత తేడా తెలుస్తోంది. లేజర్‌కు ముందే ఈ మాట రోగికి విడమర్చి చెప్పాలి. చెప్పకపోతే "కాల్చేశారు" అనే అనిపిస్తుంది.

1,840 అంకె చూసి భయపడకండి. పాత పద్ధతిలో 500 మైక్రాన్ల చుక్క, సెకనులో పదో వంతు సేపు, 1,200 నుంచి 1,600 దాకా వేసేవారు. ఇప్పటి ప్యాటర్న్ లేజర్లో ఒక్కో చుక్క 20 మిల్లీసెకన్లే. మచ్చ చిన్నది కాబట్టి సంఖ్య ఎక్కువ కావాలి. ఏ యంత్రమో తెలియకుండా అంకె మాత్రమే చూసి ఎక్కువా తక్కువా అనలేం.

ఇక ఒక్కోటి. చీకటికి అలవాటుపడటానికి ఆలస్యం కావడం, రేచీకటి, పక్కల నుంచి వచ్చేవి ఆలస్యంగా కనిపించడం: వీటిలో లేజర్ వేడికి వచ్చిన వాపు భాగం కొన్ని వారాల్లో తగ్గుతుంది, మచ్చల భాగం శాశ్వతం. ఆరు నెలలకు ఎంత మిగిలిందో అదే మిగులుతుందనుకుని ఇల్లు సర్దుకోండి. లైటు పడితే బైర్లు కమ్మడం కూడా ఆ కోవలోదే. అయితే శుక్లం ముదురుతుంటే అదీ ఇలాగే చేస్తుంది, కాబట్టి లెన్సు చూపించండి. నీలం-నలుపు, పసుపు-తెలుపు కలిసిపోవడం షుగరు రెటీనాలో లేజర్‌కు ముందే మొదలవుతుంది, లేజర్ దాన్ని పెంచుతుంది.

దగ్గర చూపు సంగతి వేరు. కంటి ఫోకస్ కండరానికి వెళ్ళే నరాలు రెటీనా వెనకగా, గడియారంలో 3, 9 అంకెల వైపు నుంచి వెళ్తాయి. అక్కడ వేడి తగిలితే దగ్గరకు ఫోకస్ చేసే శక్తి తగ్గుతుంది, పాప కాస్త పెద్దదై ఉండిపోవచ్చు. నలభైలోపు వాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. 57 ఏళ్ళకు ఆ శక్తి ఎలాగూ మిగలదు. కాబట్టి పేపరు చదవలేకపోవడానికి నా అనుమానం మాక్యులా వాపు మీద. పీఆర్‌పీ తర్వాత మాక్యులాలో నీరు చేరడం, ఉన్నది పెరగడం తెలిసిన విషయమే. 6/9 నుంచి 6/12 కు రావడానికీ అదే కారణం కావచ్చు. లేజర్ తర్వాత ఓసీటీ (రెటీనా పొరల మందం కొలిచే స్కాన్) తీశారా? తీసి ఉంటే రెండు కళ్ళ మధ్యభాగం మందం అంకెలు పెట్టండి. ఇది లేజర్ పెట్టిన శాశ్వత నష్టం కాదు, ఇంజెక్షన్లతో తగ్గించగలిగింది. లేజర్ మీద నింద వేసి దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

పాత దారప్పోగు అలాగే ఉంటే భయం లేదు. కానీ ఉన్నట్టుండి ఈగల గుంపులా నల్లచుక్కలు, పొగ కమ్మినట్టు, ఎర్రటి తీగలు, ఒక పక్క నుంచి తెర దిగినట్టు, కొత్తగా మెరుపులు: వీటిలో ఏది వచ్చినా ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గర ఉండాలి, తెల్లారేదాకా ఆగొద్దు. కొత్త నాళాలు ముడుచుకుపోయేటప్పుడు లాగుడుకు చిట్లి రక్తం రావచ్చు. అది లేజర్ వికటించడం కాదు, అయినా చూపించాలి. డాక్టరు దగ్గరికి చేరేదాకా తల ఎత్తుగా పెట్టుకుని కూర్చోవడం లేదా పడుకోవడం చేస్తే రక్తం కిందికి దిగి మధ్య చూపు కొంచెం తేటపడుతుంది.

ఇంకొకటి, కంటి నొప్పి. లేజర్ రోజున కొంచెం సలపడం, తలనొప్పి మామూలే, పారాసెటమాల్‌తో తగ్గుతుంది. నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడి, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతి వచ్చేట్టు ఉంటే కంటి ప్రెషర్ పెరిగినట్టు. ఎక్కువ స్పాట్లు ఒకేసారి వేసిన మొదటి రెండు మూడు రోజుల్లోనూ ఇది రావచ్చు, నెలల తర్వాత కనుపాప మీద కొత్త నాళాలు పాకినా రావచ్చు. రెండూ ఎమర్జెన్సీలే.

మినుకుదీపం:

పైన చెప్పినదానికి ఇంటి వైపు నుంచి చేరుస్తున్నా. మొదట మూడు చిన్న పరీక్షలు, ఒక్కో కన్ను మూసి, చదివే అద్దాలు పెట్టుకుని చేయాలి.

నల్లటి అట్టముక్కకు గుండుసూదితో ఒక మిల్లీమీటరు రంధ్రం పెట్టి అందులోంచి క్యాలెండరు చూడమనండి. అక్షరాలు తేటపడితే మసకలో కొంత భాగం అద్దాల నంబరుది. తేటపడకపోయినా, ఇంకా మసకైనా రెటీనా లేదా శుక్లం వైపు చూడాలి. రెండోది, నాలుగైదు సార్లు గట్టిగా రెప్పలాడించమనండి. క్షణం తేటపడి మళ్ళీ మసకబారితే కన్ను ఎండిపోతోందన్నమాట. షుగరు వాళ్ళకు కంటిపొర స్పర్శ తగ్గుతుంది కాబట్టి మంట తెలియదు, మసకే తెలుస్తుంది. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు అడగండి. మూడోది ఆమ్స్‌లర్ గళ్ళు: 10 సెంటీమీటర్ల చదరం, లోపల 5 మిల్లీమీటర్ల గళ్ళు, మధ్యలో చుక్క. అడుగు దూరంలో పట్టుకుని చుక్కనే చూడాలి. గీతలు వంకర పోయినా, ఒక గడి మాయమైనా ఆ చోటు పెన్సిలుతో గుర్తుపెట్టి, తేదీ వేసి ఉంచండి. వారానికొకసారి చాలు. అంచుల లేజర్ వల్ల ఈ గళ్ళు పోవు. పోయాయంటే మాక్యులా దగ్గర ఏదో ఉంది.

ఇప్పుడు ఇల్లు. ట్యూబులైట్లు పెంచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కావలసింది ఎక్కువ వెలుగు ఒక్కటే కాదు, ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య వెలుగు తేడా తక్కువగా ఉండటం. హాలు దేదీప్యమానంగా ఉండి బాత్‌రూముకు వెళ్ళే దారి చీకటిగా ఉంటే ఆ దారిలోనే పడతారు. పడకగది, నడవ, బాత్‌రూము మూడింటిలోనూ ఒకే రకం 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి, పాలగాజు డూము వేసి. తీగ మెరిసే బేర్ బల్బు వద్దు. రాత్రికి మోకాలి ఎత్తులో ప్లగ్గుకు గుచ్చే సెన్సర్ దీపాలు రెండు, మంచం పక్కన ఒకటి, నడవ మలుపులో ఒకటి. పేపరుకు విడిగా వంచే దీపం ఉండాలి, కాగితానికి అడుగు దూరంలో, పక్క నుంచి, బల్బు కంటికి కనిపించకుండా. దీపాన్ని సగం దూరానికి జరిపితే వెలుగు నాలుగింతలవుతుంది. పెద్ద బల్బు కొనక్కర్లేదు.

మెట్టు గురించి. అందరూ పసుపు పట్టీ వేయమంటారు. నేల ఎర్ర గచ్చో, బూడిద రంగు సిమెంటో అయితే పసుపు బాగానే కనిపిస్తుంది. మన ఇళ్ళలో గడపకు పసుపు, దాని మీద బొట్లు ఉంటాయి కాబట్టి గడప అందుకే తట్టుకోకుండా దాటుతారు. కానీ నేల క్రీమ్ రంగు టైల్స్ అయితే పసుపు పట్టీ పనికిరాదు. పైన చెప్పినట్టు మీ నాన్నగారి కళ్ళకు పసుపూ తెలుపూ కలిసిపోవచ్చు కదా. దాని మీద ముదురు గోధుమ రంగో నలుపో వేయాలి. మెట్టు అంచు పొడవునా, రెండు అంగుళాల వెడల్పున, పై మెట్టుకూ కింది మెట్టుకూ తప్పనిసరిగా. జారని రకం టేపు అయితే మంచిది. వేశాక సాయంత్రం ఆరింటికి ఆయన్నే నిలబెట్టి అడగండి, మన కంటికి కనిపించడం లెక్కలోకి రాదు.

భోజనం కూడా అంతే. స్టీలు కంచం మీద లైటు మెరుస్తుంది, పెరుగన్నం అందులో కలిసిపోతుంది. ముదురు రంగు కంచం కొనండి, లేదా కంచంలో అరిటాకు ముక్క వేయండి. ఆకుపచ్చ మీద అన్నం మెతుకు మెతుకూ తెలుస్తుంది. చేప వండిన రోజు ముళ్ళు ఇంకొకరు తీసి పెట్టాలి. పాలు ముదురు రంగు గ్లాసులో, డికాక్షన్ తెల్ల కప్పులో పోస్తే ఎంతవరకు నిండిందో తెలుస్తుంది. తెల్ల బకెట్లో తెల్ల మగ్గు ఉంచకండి.

పాదాల గురించి ఎవరూ అడగరు, కానీ ఇది చాలా ముఖ్యం. షుగరు వాళ్ళను రోజూ పాదాలు చూసుకోమంటారు. చూపు తగ్గినవాళ్ళు చూసుకున్నామనుకుంటారు, గాయం కనిపించదు. రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ ఫోనుతో ఫ్లాష్ వేసి ఫోటో తీసి పెద్దది చేసి మీరు చూడండి. గోళ్ళు ఆయన తీసుకోకూడదు, ఆనికాయల మీద బ్లేడు పెట్టనే కూడదు.

గోదారిగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ నమస్కారాలు. ఓసీటీ కాగితాలు వెతికాను. కుడి కన్ను లేజర్‌కు ముందు 281 మైక్రాన్లు, అయిదు వారాల తర్వాత 342. ఎడమ 268, మొదటి విడతకు ముందు తీసింది, తర్వాత తీయలేదు. కుడి కంటికి "నెల తర్వాత చూద్దాం" అన్నారు.

మందులు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ మూడూ కలిసిన మాత్ర, పొద్దున్నా రాత్రీ మిక్స్‌డ్ ఇన్సులిన్ వయల్ నుంచి. నాలుగు నెలల కిందట హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 10.8, ఇప్పుడు 7.1. బీపీ 150/90 దగ్గర ఉంటోంది. గుండె కోసం ఆస్పిరిన్ 75 కూడా. పక్కింటివాళ్ళు తేనె చుక్కలు వేస్తే పొర పోతుందంటున్నారు, ఆయన వేయించుకుంటానంటున్నారు. ఇంకా స్కూటర్ సంగతి, అద్దాలు మార్చాలా అన్నదీ, వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా అన్నదీ చెప్పగలరా?

షుగరు_ఓపీ:

తేనె వేయనివ్వకండి. ఆముదం, చనుబాలు, ఆకు పసర్లు కూడా అంతే. ఆ జబ్బు ఉన్నది కంటి వెనక గోడలో, చుక్క అక్కడిదాకా పోదు. కంటిపొర మీద మాత్రం పుండు లేపగలదు. షుగరు వాళ్ళ కంటిపొరకు ఆ పుండు నొప్పి కూడా సరిగా తెలియదు, మానడానికీ ఆలస్యం. ఆయనకు కోపం రాకుండా ఈ మాటే చెప్పండి: "పొర ముందు లేదు, వెనక ఉంది."

281 నుంచి 342 అంటే వాపు పెరిగింది. అదే యంత్రం మీద తీసినవేనా అని చూడండి, ఒక్కో యంత్రం అంకె ఒక్కోలా ఉంటుంది. ఒకే యంత్రమైతే నెల ఆగకుండా ఈ రెండు కాగితాలూ డాక్టరు ముందు పక్కపక్కన పెట్టి అడగండి.

పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు పట్టేలా చేస్తుంది. మాక్యులా వాపు ఉన్నవాళ్ళలో కొందరికి దీనివల్ల వాపు పెరుగుతుంది, మందు చీటీలోనే ఆ హెచ్చరిక ఉంటుంది. కళ్ళ డాక్టరుకు ఆయన వాడుతున్న మాత్ర తెలియదు, షుగరు డాక్టరుకు ఓసీటీ తెలియదు, మధ్యలో ఈ సంగతి జారిపోతుంది. కాళ్ళకు వాపు ఉందేమో బొటనవేలితో ముంగాలి మీద నొక్కి చూడండి, గుంట పడితే అదీ చెప్పండి. మాత్ర మీరే ఆపకండి. మూడు మందులు ఒకే మాత్రలో ఉన్నాయి, ఆపితే షుగరు ఎగిరిపోతుంది. ఓసీటీ చూపించి "ఇందులో పయోగ్లిటజోన్ లేకుండా రాసివ్వగలరా" అని షుగరు డాక్టర్నే అడగండి.

10.8 నుంచి 7.1 కు నాలుగు నెలల్లో దిగడం మంచిదే, కానీ అంత వేగంగా దిగినప్పుడు మొదటి కొన్ని నెలలు రెటినోపతీ కొంత ముదురుతుంది. దీర్ఘకాలంలో లాభమే. అందుకని షుగరు మళ్ళీ పెంచుకోకూడదు, ఈ సమయంలో కళ్ళ పరీక్షలు దగ్గర దగ్గరగా చేయించాలి. బీపీ 150/90 మాత్రం తగ్గాలి, 130/80 లోపు ఉండేలా అడగండి. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ ఒకసారి చేయించండి. కిడ్నీ నీరు పట్టినా, రక్తం తక్కువైనా మాక్యులా తేరుకోదు.

కంట్లో రక్తం వస్తుందేమోనని ఆస్పిరిన్ ఆపేసేవాళ్ళు ఉన్నారు. ఈటీడీఆర్‌ఎస్ అనే పెద్ద పరిశోధనలో రోజుకు 650 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూశారు, విట్రియస్ రక్తస్రావం పెరగలేదు. 75 వేసుకోనివ్వండి.

ఇన్సులిన్ దగ్గర ఒక్క నిమిషం. మన వయల్స్ ఎక్కువగా 40 బలానివి (మిల్లీలీటరుకు 40 యూనిట్లు), వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 బలానికి. ఎరుపూ నారింజా చూపు తగ్గినవాళ్ళకు, అందులోనూ సాయంత్రం బల్బు కింద, ఒకేలా కనిపిస్తాయి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది. ఇంట్లో ఒకే రకం సిరంజి ఉంచండి, రెండోది కనిపించకుండా తీసేయండి. గీతలు నల్లవి కాబట్టి సిరంజి వెనక తెల్ల కాగితం పట్టుకుని చదవాలి. గాలిబుడగ ఉందో లేదో ఆయనకు కనిపించదు. బుడగ ఉంటే మందు తక్కువ పోయి షుగరు పెరుగుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. రోజూ ఎవరో ఒకరు చూడటానికి లేకపోతే పెన్నుకు మారడం గురించి డాక్టర్ని అడగండి. క్లిక్కులు లెక్కపెట్టుకోవడం తోడు మాత్రమే, అంకె కూడా చూడాలి, భూతద్దంతోనైనా.

లెన్సుపెట్టె:

అద్దాలు ఇప్పుడే మార్చకండి. రెండు కారణాలు. కుడి మాక్యులా వాపు ఉండగా తీసిన నంబరు వాపు తగ్గాక సరిపోదు. షుగరు 10.8 నుంచి దిగింది కాబట్టి లోపలి లెన్సు కూడా మారుతూ ఉంటుంది. షుగరు ఎక్కువున్నప్పుడు దూరపు నంబరు మైనస్ వైపు, దిగేటప్పుడు ప్లస్ వైపు జరగడం రోజూ చూసేదే. ఎడమ లేజర్ పూర్తయి ఆరు వారాలు గడిచి, షుగరు నిలకడగా ఉన్నాక పరీక్ష చేయించండి. అందాకా తాత్కాలికంగా, పాత చదివే నంబరుకు 0.50 నుంచి 1.00 దాకా కలిపి రెడీమేడ్ అద్దాలు ప్రయత్నించవచ్చు, రెండు కళ్ళ నంబరూ దాదాపు ఒకటే అయితేనే.

అసలు అద్దాలు చేయించేటప్పుడు బైఫోకల్, ప్రోగ్రెసివ్ ఒప్పుకోకండి. కింది భాగంలో చదివే నంబరు ఉంటుంది, మెట్టు సరిగ్గా అందులోంచే కనిపిస్తుంది, అంటే మసకగా కనిపిస్తుంది. కింది పక్క చూపు తగ్గిన మనిషికి అది ఇంకా కష్టం. నడవడానికి ఒక జత, చదవడానికి ఒక జత విడిగా ఉంటేనే మేలు. ఎండకు రంగు మారే ఫోటోక్రోమిక్ కూడా ఈయనకు నప్పదు. ఎండలో నల్లబడింది లోపలికి వచ్చాక తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కన్ను చీకటికి అలవాటుపడటమే ఆలస్యం, అద్దం దానికి తోడవుతుంది. దానికి బదులు అద్దాల మీద పెట్టుకునే అంబర్ రంగు ఫిల్టర్, పక్కలు మూసినది, గుమ్మం దగ్గర తీసేసేది. టోపీకి అంచు ఉంటే ఇంకా మంచిది. "నైట్ డ్రైవింగ్" అని అమ్మే పసుపు అద్దాలు కొనకండి. రాత్రి కంటికి వచ్చే వెలుగు తక్కువ, వాటితో ఇంకా తగ్గుతుంది.

స్కూటర్: రాత్రి, సాయంత్రం, వానలో వద్దు. ఇందులో బేరం లేదు. పగలు కూడా ఫీల్డ్ పరీక్ష (చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో కొలిచేది) అయ్యాకే. ఫీల్డ్‌లో చిన్న చిక్కు ఉంది. మామూలుగా చేసే హంఫ్రీ 30-2 మధ్య 30 డిగ్రీలే కొలుస్తుంది, 24-2 అంతకన్నా తక్కువ. పీఆర్‌పీ నష్టం చాలావరకు దానికి బయట ఉంటుంది. రిపోర్టు "బాగానే ఉంది" అని రావచ్చు, ఎడమ సందులోంచి వచ్చే ఆటో మాత్రం కనిపించదు. రెండు కళ్ళూ తెరిచి చేసే ఎస్టర్‌మన్ పరీక్ష చేయమని అడగండి. లైసెన్సుకు పెట్టే ఫారం 1 లో రేచీకటి ఉందా అనే ప్రశ్న సూటిగానే ఉంది. 25 మీటర్లలో నంబరు ప్లేటు చదవగలరా అన్నదీ ఉంది. నలభై దాటినవాళ్ళు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. నిజం రాయండి.

నడకకు అలవాటు చేయించాల్సింది తల తిప్పడం, కళ్ళు తిప్పడం చాలదు. రోడ్డు దాటే ముందు కుడి, ఎడమ, మళ్ళీ కుడి, గడ్డం భుజానికి వచ్చేంత వరకు తిప్పాలి. లోపలికి వెళ్ళే ముందు గుమ్మంలో ఒక నిమిషం కళ్ళు మూసుకుని నిలబడి, అప్పుడు అడుగు వేయాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సర్టిఫికెట్: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం లో విజన్ అనాలంటే మెరుగైన కంట్లో, అద్దాలతో కూడా, 6/18 కన్నా మించకూడదు, లేదా ఫీల్డ్ 40 డిగ్రీల కన్నా తక్కువకు కుంచించుకుపోవాలి. ఆయనకు రెండు కళ్ళూ 6/12. ఇప్పుడు సదరం స్లాటు కోసం తిరిగినా రాదు. ముందుముందు ఫీల్డ్ కాగితం తేడాగా వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. సర్టిఫికెట్ లేకపోయినా లో విజన్ క్లినిక్‌లో చూపించుకోవచ్చు. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంది. నడక, దీపాలు, భూతద్దాలు, ఫోను అమరికలు దగ్గర కూర్చోబెట్టి నేర్పుతారు.

లెస్టర్‌తెలుగు:

యూకేలో ఉన్నవాళ్ళ కోసం ఒక ముక్క. రెండు కళ్ళకూ లేజర్ జరిగితే డీవీఎల్‌ఏకు (అక్కడ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే సంస్థకు) తప్పనిసరిగా తెలియజేయాలి. వాళ్ళే ఎస్టర్‌మన్ పరీక్షకు పంపుతారు. అడ్డంగా కనీసం 120 డిగ్రీలు, రెండు వైపులా 50 చొప్పున, మధ్య 20 డిగ్రీల్లో పెద్ద లోపం ఉండకూడదు. 20 మీటర్లలో నంబరు ప్లేటు, 6/12 చూపు కూడా కావాలి. పరీక్షలో తల కదపకుండా, లైటు కనిపించిందని నమ్మకం కలిగినప్పుడే మీట నొక్కాలి. ఊహించి నొక్కితే తప్పుడు సమాధానాల శాతం పెరిగి పరీక్ష చెల్లకుండా పోతుంది. అమ్మానాన్నలు చూడటానికి వచ్చి ఇక్కడ కారు నడిపితే నియమాలు వాళ్ళకూ వర్తిస్తాయి.

గోదారిగట్టు:

గురువారం ఎడమ కంటి మూడో విడతకు ఒప్పుకున్నారు. "పొర ముందు లేదు, వెనక ఉంది" అన్న మాట పనిచేసింది. వెళ్ళేటప్పుడు ఏం అడగాలి? లేజర్ కాకుండా ఇంజెక్షన్లతోనే సరిపెట్టలేరా అని ఆయన ప్రశ్న.

లేజర్‌గది:

మంచి ప్రశ్నే అడిగారు. 2015 లో అమెరికాలోని డీఆర్‌సీఆర్ నెట్‌వర్క్ అనే పరిశోధన బృందం, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ ఇంజెక్షన్లను పీఆర్‌పీతో పోల్చింది. రెండేళ్ళకు చార్టు చూపు లేజర్ కన్నా తక్కువ కాలేదు, పక్క చూపు ఇంజెక్షన్లవాళ్ళకే మెరుగ్గా మిగిలింది. కానీ ఆ ఇంజెక్షను పనితనం కొన్ని వారాలే. మొదట్లో నెల నెలా, ఆ తర్వాత కూడా తరచుగా రావాలి, ఏళ్ళ తరబడి. మధ్యలో మానేసి ఆరు నెలలకు వచ్చేవాళ్ళలో రెటీనా ఊడిపోవడం, ప్రెషర్ పెరగడం ఎక్కువ. లేజర్ చేయించుకున్నవాళ్ళు కొన్నాళ్ళు రాకపోయినా అది కాపలా కాస్తూనే ఉంటుంది. ఎడమ కంటికి రెండు విడతలు అయిపోయాయి కాబట్టి పూర్తి చేయడమే సరైనది. మాక్యులాకు మాత్రం ఇంజెక్షను అవసరం పడవచ్చు. రెండూ ఒకదానికొకటి పోటీ కావు.

గురువారం మొదట ఎడమ కంటికి ఓసీటీ తీయమనండి, 268 కు పక్కన కొత్త అంకె ఉండాలి. వాపు కనిపిస్తే లేజర్‌కు ముందే ఇంజెక్షను ఇచ్చి, స్పాట్లు రెండు దఫాలుగా పంచగలరా అని అడగండి. ఒకేసారి ఎక్కువ వేస్తే వాపు పెరగవచ్చు. రెండో విడతలో నొప్పి బాగా పెట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. చుక్కల మత్తు చాలనప్పుడు కంటి పక్కన మత్తు సూది ఇవ్వగలరు. నొప్పికి భయపడి కన్ను కదిలిస్తే చుక్క పడకూడని చోట పడుతుంది, ఓర్చుకోవడం గొప్ప కాదు. పొద్దున టిఫిను, ఇన్సులిన్, బీపీ మాత్ర మానొద్దు. పాప పెద్దది చేసే చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు నల్లద్దాలు, చేయి పట్టుకునే మనిషి కావాలి. లేజర్ వేసేటప్పుడు కంటికి ఆనించే లెన్సు తీశాక అరగంట దాకా అంతా ఊదారంగుగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది, ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

కార్డు మీద ఆ రోజు వేసిన స్పాట్లు, యంత్రం రకం, కంటి ప్రెషర్, ఓసీటీ అంకె నాలుగూ రాయించుకోండి. పయోగ్లిటజోన్ ఉన్న మందుల చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళండి. కుడి కంటి 281, 342 కాగితాలు కూడా పట్టుకెళ్ళండి, గురువారమే ఆ కంటి సంగతి కూడా తేల్చమని అడగవచ్చు.